నాలుగో మిషనుకు సెలవు

రాయచూరు,
ఫిబ్రవరి 12

గౌరవనీయులైన దేవిక గారికి,

యల్లేశ్ నమస్కరించి వ్రాయునది. ఇచ్చట మేమంతా క్షేమము. మీ ఆరోగ్యము పూర్తిగా కుదుటపడినదని తలుస్తాను. ఫోను చేసితిని, మీరు ఎత్తలేదు. అందుకని ఈ మెయిల్ వ్రాయుచున్నాను.

మీరు వెళ్లిన తరువాత ఆఫీసులో పనియంతయు నా మీదనే పడినది. రైతులు మిల్లుల రేట్లు వెతుక్కునే సర్వర్లు మూడూ బాగానే నడుచుచున్నవి. అయితే జయతీర్థ సార్ మళ్లీ నిఘా ఏర్పాటు చేయమని అంటున్నారు. అనగా ఆ మూడింటి డిస్కు, మెమరీ మొదలైన లెక్కలను ఎప్పటికప్పుడు సేకరించి నాలుగో మిషనులో దాచే ఏర్పాటు. ఆ నాలుగో మిషనును సార్ చెప్పగా నవంబరులోనే ఫార్మాట్ చేసితిమి. కావున అప్పట్లో మీరు ఏది ముందు, ఏది వెనుక చేసినారో దయచేసి వ్రాసి పంపగలరు.

జరిగినదేదో జరిగినది. మనసులో పెట్టుకొనవద్దని మనవి.

ఇట్లు,
భవదీయుడు,
యల్లేశ్


వెంకటరమణ క్యాంపు, సింధనూరు తాలూకా,
ఫిబ్రవరి 15

యల్లేశ్,

నేను గౌరవనీయురాలినా? నువ్వు భవదీయుడివా? ఆఫీసులో చేరిన రోజు నుంచి "అక్కా, చాయ్ తాగుదాం పా" అంటూ నా కుర్చీ వెనకాలే తిరిగినవాడివి. యరగేరలో కన్నడ బడిలో చదువుకున్న నీకు తెలుగు అక్షరాలు నేర్పింది నేను. గంజ్ మార్కెట్ ఎదురుగా టీ బండి దగ్గర, బజ్జీలు కట్టిచ్చిన పేపరు మీద నేర్పాను. ఆ అక్షరాలతోనే నాకు ఈ ఉత్తరం రాశావు. నీకొక అలవాటుంది, నీకు తెలియదు. దాచేది ఏదైనా ఉంటే పెళ్లి కార్డు తెలుగులోకి దిగుతావు.

అవును, నీ నంబరు బ్లాక్ చేశాను. ఫోన్లో అయితే "అట్ల కాదక్కా" అంటూ జారిపోతావు. చెప్పేదేదైనా ఉంటే రాయి.

ముందు ఒకటి అడుగుతాను. నవంబరులో ఆఫీసు మెట్ల మీద నిలబడి జయతీర్థ సార్ రైతులతో ఏమన్నారు? "ఆ అమ్మాయి నిఘా ఏర్పాటే చేయలేదు. జీతం తీసుకుని మిషను ఊరికే మూల పెట్టింది" అన్నారు. ఆ మాట మీదే నన్ను పనిలోంచి తీసేశారు. నువ్వు ఆయన పక్కనే ఉన్నావు. ఏర్పాటే లేకపోతే మీరు ఫార్మాట్ చేసింది దేన్ని? లేనిదాన్ని చెరిపి, ఇప్పుడు లేనిదాన్ని మళ్లీ పెట్టమని నన్నడుగుతున్నారా?

ఆ రోజుల్లో సర్వరు డిస్కు నిండినప్పుడు అది ఆగిపోయినా బాగుండేది. ఆగదు, అదే దరిద్రం. కొత్త వివరం తీసుకోవడం మానేసి పాత జవాబులే చూపిస్తూ కూర్చుంటుంది. కొనడం ఆపేసిన మిల్లును ఇంకా కొంటోందని చూపించింది. మాలాగే ఆంధ్ర నుంచి వలసొచ్చిన ఈ క్యాంపు రైతులు ఆ మాట నమ్మి లారీలు కట్టుకుని రాయచూరు వచ్చి, మూసిన గేటు ముందు వానలో నిలబడ్డారు. వాళ్లలో మా పెదనాన్న బాపయ్య ఒకడు. ఆయన వడ్లు తడిసి బస్తాల్లోనే మొలకెత్తాయి. సార్ చెప్పింది విని ఇంటికొచ్చి మా అమ్మతో, "నీ కూతురు మా నోట్లో మట్టి కొట్టింది. నువ్వు మరదలివీ కాదు, నేను బావనీ కాదు, ఇక మీకూ మాకూ ఏమీ లేదు" అని అరిచాడు. నేనప్పుడు డెంగీ నుంచి లేచి గోడ పట్టుకుని నడుస్తున్నాను. మా రెండిళ్లకూ మధ్య ఉన్నది ఒక్క గోడే. ఆ రోజు నుంచి ఆయన నాతో మాట్లాడలేదు.

ఆయుధ పూజకు ముందు నేను జ్వరంతో ఇంటికొస్తూ అలారాలన్నీ నీ ఫోనుకు మార్చి వచ్చాను. డిస్కు ముప్పాతిక నిండగానే మోగాలి. మోగిందా? మోగకపోతే ఎందుకు మోగలేదు? దీనికి జవాబు రాయి. నీ ఏర్పాటు సంగతి తరవాత చూద్దాం.

దేవిక


రాయచూరు,
మార్చి 9

దేవిక అక్కకు,

మీరు కోపంగా ఉన్నారని తెలిసి జవాబు వ్రాయుటకు ఆలస్యం చేసినాను.

అలారం రాలేదు. అమ్మ తోడు, రాలేదు. రాలేదు కనుక అంతా బాగున్నదనుకున్నాను. ఎవరైనా అట్లే అనుకుంటారు. నాలుగో మిషను ఎందుకనో ఆగి ఉండవచ్చును. కరెంటు పోయి ఉండవచ్చును. మిషను అన్న తరువాత ఆగుతుంది.

మీరు పెద్దవారు, నేను చెప్పకూడదు, అయినా చెబుతాను. ఆ మూడింటికి కాపలా పెట్టినారు, సరే. కాపలా ఉన్నదే పడిపోతే కేక వేసేది ఎవరు? ఆ ఏర్పాటు మీరు చేయలేదు. చేసి ఉంటే ఇంత దూరం వచ్చేదా? అది కూడా నా తప్పేనా?

సార్ ముందు నేను నోరు తెరవలేదన్నది నిజం. తెరిస్తే ఏమయ్యేదో మీకు తెలియనిది కాదు.

మా అమ్మ మీ గురించి అడుగుతోంది. నిన్న రొట్టెలు కొడుతూ అన్నది: "ఆ పిల్ల ఫోన్ చేస్తలేదేందిరా? మునుపు ఐతారం ఐతారం చేస్తుండె. నా మీద గుస్స అయిందా ఏంది?" ఏమి చెప్పాలో తెలియక పని ఉన్నదని లేచి వచ్చితిని.

యల్లేశ్


వెంకటరమణ క్యాంపు,
ఏప్రిల్ 4

యల్లేశ్,

నువ్వన్నదాంట్లో ఒక మాట నిజం. కాపలా పడిపోతే కేక వేసే ఏర్పాటు నేను చేయలేదు. నిశ్శబ్దంగా ఉందంటే క్షేమంగా ఉన్నట్టే అని నేనూ అనుకున్నాను. అది నా తప్పు, ఎవరడిగినా ఒప్పుకుంటాను. కాని నేను చేయని తప్పు కూడా నా నెత్తిన పెట్టారే, దాని మాటేమిటి?

నీకు గుర్తుందా, మొదట్లో సార్ ఆ లెక్కలు కూడా ఆ మూడు సర్వర్లలోనే పెట్టమన్నారు. "రోగీ, నాడి చూసేవాడూ ఒకే మంచం మీద పడుకుంటే ఎట్లా సార్" అని నేను కొట్లాడితే, గోడౌన్‌లో మూలపడ్డ పాత మిషను ఇచ్చారు. దాని దుమ్ము తుడిచి మోసుకొచ్చింది నువ్వు. తెర మీద మొదటి గీత కదలగానే "అక్కా, ఇది ఊపిరి తీస్తున్నది" అని అరిచింది కూడా నువ్వే.

ఇప్పుడు విషయం. హుబ్బళ్లిలో ఒక విత్తనాల కంపెనీ నన్ను పనిలోకి తీసుకుందామనుకుంటోంది. పరీక్ష పెట్టారు, నెగ్గాను. పాత ఆఫీసులో నాతో పనిచేసినవాళ్ల పేరు ఒకటి అడిగారు. నీ పేరు ఇచ్చాను. ఇంకెవరి పేరు ఇవ్వను? నీకు ఫోన్ చేస్తారు. ఒక్క వాక్యం చాలు: "నిఘా ఏర్పాటు దేవిక చేసింది, అది దసరా దాకా బాగా నడిచింది." సార్‌ని తిట్టక్కర్లేదు. నిన్ను నువ్వు తిట్టుకోనక్కర్లేదు. ఆ వాక్యంలో ఎవరి ఉద్యోగమూ పోదు, నాకొకటి వస్తుంది.

నాకు ఆ ఉద్యోగం కన్నా ఆ మాట ముఖ్యం. పొద్దున్నే పెదనాన్న మా గుమ్మం దాటి వెళ్తూ ఇటు చూడకుండా తువ్వాలు భుజం మార్చుకుంటాడు. రోజూ అది చూస్తూ బతకడం ఎంత కష్టమో నీకు తెలియదు. పని రానిది అనే పేరు ఒక్కటి పోతే చాలు నాకు.

మీ అమ్మ మీద నాకు కోపం లేదని చెప్పు.

దేవిక


రాయచూరు,
ఏప్రిల్ 27

గౌరవనీయులైన దేవిక గారికి,

నమస్కారములు. హుబ్బళ్లి నుండి ఫోను వచ్చినది. వారు మర్యాదగా మాట్లాడినారు. ఆ విషయమై నా వద్ద పూర్తి సమాచారము లేదని వారికి తెలియజేసితిని. మీకు వ్యతిరేకముగా ఒక్క మాటయు చెప్పలేదని గమనించగలరు.

ఏర్పాటు వివరములు ఇంకను అందలేదు.

ఇట్లు,
యల్లేశ్


వెంకటరమణ క్యాంపు,
మే 8

భవదీయుడికి,

హుబ్బళ్లి వాళ్లు వద్దన్నారు. "మీతో పనిచేసినతనే చెప్పలేకపోయాడు కదండీ" అంది ఫోన్ చేసిన ఆవిడ. తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు.

ఇక నేను కూడా దాచింది ఒకటి చెబుతాను. ఆయుధ పూజ రోజు మన రిసెప్షన్‌లో ఉన్న నేత్ర నాకొక ఫొటో పంపింది, "నువ్వు లేక బోసిగా ఉందక్కా" అని. ఆస్పత్రి మంచం మీద చూడలేదు, డిసెంబరులో చూశాను. మూడు సర్వర్లకు కుంకుమ బొట్లు, పచ్చ దీపాలు వెలుగుతున్నాయి. నాలుగో మిషనుకు మాత్రం బంతిపూల దండ, చీకటి. దాని ప్లగ్గులో రంగు దీపాల తోరణం. ముందు హారతి పళ్లెం పట్టుకుని నువ్వు, కొత్త చొక్కాలో.

నేత్రను అడిగాను. ఆ పిల్ల ఏం తెలియక అంతా చెప్పింది. "సార్ ఒక్కదానికైనా సెలవివ్వాలన్నారక్కా. యల్లేశన్ననే చూపించాడు, దీంతోని ఎవరికీ పని లేదు సార్ అన్నాడు." ఎవరికీ పని లేదా యల్లేశ్? అది ఊపిరి తీస్తోందని గంతులేసిన నోటితోనే అన్నావా ఆ మాట?

ఆ ఫొటో పెదనాన్నకు చూపించాను. "పూజ ఫొటో చూపిస్తావేంటి నాకు" అని మొహం తిప్పుకున్నాడు. ఆరిన దీపం ఏం చెబుతోందో ఆయనకెట్లా తెలుస్తుంది? హుబ్బళ్లి వాళ్లకైనా అంతే. అక్కడ ఉన్న మనిషి నోరు తెరిచి చెప్పాలి. పనిముట్టుకు ఒక రోజు సెలవిచ్చినందుకు నేను నిన్ను ఏమీ అననురా. మా నాన్న కూడా ఆ రోజు ట్రాక్టరు తీసేవాడు కాదు. తెల్లారి మళ్లీ పెట్టడం మరిచిపోయినందుకు కూడా అనను, మనుషులు మరిచిపోతారు. ఆ తరవాత అందరి ముందూ నా మీద నింద వేస్తుంటే, దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డావే, అది నాకు జీర్ణం కావడం లేదు.

నీ మొదటి ఉత్తరం వచ్చేనాటికే నాకు ఇదంతా తెలుసు. నువ్వే చెబుతావని చూశాను. చెప్పి ఉంటే ఆ రోజే అన్నీ రాసి పంపేదాన్ని.

దేవిక


యరగేర,
ఆగస్టు 24

దేవికక్కా,

పెండ్లి కార్డు భాష బంద్ చేసిన. నాకొచ్చిన మాటల్లనే రాస్తున్న.

ఫొటో సంగతి నేను కాదనను. సార్ అన్నడు, "పండుగ పూట అన్ని నడుస్తుంటే ఎట్ల, ఒక్కటన్న ఆపుండ్రి" అని. మూడింట్ల ఏది ఆపినా గడబడ అయితదని నాలుగోది చూపించిన. మా ఊర్ల ఆ దినం నాగలి కడిగి పెడితే ఎవ్వరు ముట్టరు. మా అమ్మ కొడవలి గూడ ముట్టదు. నాకు తప్పనిపియ్యలే. తెల్లారి పెడదామనుకున్న. తోరణం దీపావళి దాక ఉండనియ్యిమన్నరు. ఇగ మరిచిన.

వానల రైతులు మొత్తుకుంటుంటే సార్ నా దిక్కు చూసిండు. నేను కింద చూసిన. అంతే అక్కా, అంతకన్న నేనేం చెయ్యలే.

మా అమ్మకు నిజం చెప్పలే. నీకు దూరంల పెద్ద నౌకరి దొరికిందని చెప్పిన. ఆమె ఖుషి అయ్యి హనుమంతుని గుడిల టెంకాయ కొట్టింది. ఆ కొబ్బరి ముక్క నాకు పెడితే జేబుల పెట్టుకొని బయటికొచ్చిన.

ఇప్పుడు సార్ దగ్గరికి కొత్త భాగస్వాములు వస్తున్నరు. దసరా లోపల నిఘా నడవాలె అన్నరు. నాకు రావట్లే. ఎంత చేసినా నాలుగోది ఖాళీగనే ఉంటున్నది. రాకపోతే నన్ను తీసేస్తరు. తీసేస్తే మళ్ల అమ్మెంబడి పత్తి ఏరబోవాలె. ఇంత చేసినంక నిన్ను అడగనీకి నాకు మొఖం లేదు. అయినా అడుగుతున్న. నీ కాళ్లు మొక్కుత.

యల్లేశ్


వెంకటరమణ క్యాంపు,
సెప్టెంబరు 6

యల్లేశ్,

అందితే జుట్టు, అందకపోతే కాళ్లు. బాగుంది.

పంపిస్తున్నాను. నీ కోసం కాదు. ఇంకొన్నాళ్లకు కోతలు మొదలవుతాయి. ఈ క్యాంపు వాళ్లు మళ్లీ ఆ సర్వర్లను నమ్మే లారీలు కడతారు. నీ మీద నాకున్న కోపం వల్ల పెదనాన్న వడ్లు మళ్లీ తడవకూడదు.

ఆ మూడింటిలో ఒక్కోదాని మీద సేకరించే చిన్న ప్రోగ్రాము పెట్టు. సేకరించింది ఎక్కడికి పంపాలో నాలుగోదాని చిరునామా ఇవ్వు, ఇవ్వకపోతే ఎవరిది వాళ్ల దగ్గరే దాచుకుంటారు. నీకు ఖాళీగా ఎందుకుందో తెలుసా? ప్రోగ్రాము పెట్టినంత మాత్రాన అది సేకరించదు. సేకరించమని సెట్టింగులో విడిగా చెప్పాలి, మొదట్లో అది ఆపేసి ఉంటుంది. అందరూ అక్కడే బోల్తా పడతారు, నేనూ పడ్డాను. సేకరించేవాడికి విడిగా ఒక యూజర్ పేరు పెట్టు, రాయడానికి తప్ప దేనికీ అనుమతి ఇవ్వకు. డిస్కు అలారం ముప్పాతిక దగ్గర.

ఇక నువ్వు నాకు నేర్పిన పాఠం. నాలుగోది బతికే ఉందా అని ఆ మూడింటిలో ఒకటి మాటిమాటికీ పలకరిస్తుంటుంది. పలకకపోతే మూడు ఫోన్లకు తెలుగులో ఒక సందేశం వెళ్తుంది. ఒకటి నీది, ఒకటి సార్‌ది, మూడోది మా పెదనాన్న బాపయ్యది. చాటుగా పెట్టడం లేదు, చెప్పే పెడుతున్నాను. ఆ సర్వర్లను నమ్ముకున్నవాళ్లలో ఒక్కడికైనా తెలియాలి. నీకు ఇష్టం లేకపోతే ఆ నంబరు తీసెయ్యి, మిగతాదంతా పనిచేస్తుంది.

ఫైలు జతచేశాను. అట్లాగే ఎక్కించకు, చదివి ఎక్కించు. ఈ ఉత్తరం కూడా చివరిదాకా చదవవేమోనని నా అనుమానం.

దేవిక


వెంకటరమణ క్యాంపు,
అక్టోబరు 2

యల్లేశ్,

నిన్న ఆయుధ పూజ. పెదనాన్న ట్రాక్టరు కడిగి బొట్లు పెట్టుకుంటున్నాడు, నేను వాకిట్లో ఉన్నాను. ఆయన ఫోను మోగింది. కళ్లజోడు పెట్టుకుని చదివాడు. మళ్లీ చదివాడు. దాదాపు ఏడాది తరవాత తనంతట తానే నా వైపు తిరిగి, "అమ్మాయ్, ఇదేంటో చూడు. మీ ఆఫీసుదిలా ఉంది" అన్నాడు.

"నాలుగో మిషను ఆగింది. మిగతా మూడింటిని ఇప్పుడు ఎవరూ చూడటం లేదు." నేను రాసిన వాక్యమే.

"ఆగడమేంటి, ఇవాళ పండగ పూట?"

"పూజకు ఆపి ఉంటారు పెదనాన్నా. ఒక్కదానికైనా సెలవివ్వాలని."

ఆయన తడి గుడ్డ పక్కన పెట్టాడు. "నిరుడు కూడా ఇట్టాగే ఆపారా?"

"ఆపారు. మళ్లీ పెట్టలేదు."

"మరి చెప్పవేం?"

"చెప్పాను. ఫొటో కూడా చూపించాను. మీరు వినలేదు."

"నిజమే. వినలేదు," అన్నాడు. తరవాత మా గుమ్మంలోకి వచ్చి, "మరదలా, కాసిని మంచినీళ్లివ్వు" అని అమ్మను అడిగాడు. అమ్మ చెంబు పట్టుకుని ఏడ్చింది. నేను లోపలికి వెళ్లి ఏడ్చాను.

ఒక్కటి అడుగుతాను, ఒక్క మాటలో చెప్పు. ఫైల్లో పెదనాన్న నంబరు ఉందని చదవకుండా వదిలేశావా, చదివే వదిలేశావా?

దేవిక


రాయచూరు,
అక్టోబరు 4

దేవికక్కా,

చదివిన. చదివే ఉంచిన.

పూజకు కొత్త భాగస్వాములు గూడ వచ్చిండ్రు. సార్ అందరి ముంగట, "నిరుటి లెక్కనే నాలుగోది ఆపు యల్లేశ్" అన్నడు. నిరుటి లెక్కనే అని ఆయన నోటితోనే అన్నడు. ఆపొద్దు సార్ అనొచ్చు. అనలే. ఆపితే మీ పెదనాన్నకు మెసేజ్ పోతదని ఎరుకే, ఎరుకయ్యే స్విచ్ మీద చెయ్యి పెట్టిన. సార్ ఫోను గూడ మోగింది. చూసి జేబుల వేసుకున్నడు. పూజ కాంగనే నేనే మళ్ల పెట్టిన, ఈసారి మరిచిపోలే.

నోటితోని చెప్పలేకపోయినక్కా. గిట్లన్న చెప్పిన. ఇప్పుడు మా అమ్మతోని ఒక్కసారి మాట్లాడు. నన్ను మాఫ్ చేసిన అను, చెయ్యలే అను, ఏదో ఒకటి అను.

యల్లేశ్


వెంకటరమణ క్యాంపు,
అక్టోబరు 9

యల్లేశ్,

మీ అమ్మతో నిన్న మాట్లాడాను. నాకు పెద్ద ఉద్యోగమేదీ రాలేదని, ఇంట్లోనే ఉన్నానని చెప్పాను. ఉన్న ఉద్యోగం ఎందుకు పోయిందో కూడా చెప్పాను. ఫోను పెట్టేసే ముందు, "ఆ టెంకాయ ఉత్తగనే కొడితినా బిడ్డా" అంది.

నిన్ను క్షమించలేదు. నువ్వు చెప్పలేని మాట ఒక మిషను చేత చెప్పించావు, సరే. అది పెదనాన్నకు చేరింది. హుబ్బళ్లికి చేరలేదు. వాళ్లు ఫోన్ చేసిన రోజు స్విచ్చు ఏదీ లేదు, నువ్వే ఉన్నావు, నోరుంది, ఒక్క వాక్యం. అది నాకు ఇవ్వలేకపోయావు. సార్ నిన్ను పనిలో ఉంచుకున్నాడు, నేను ఇంకా పని వెతుక్కుంటున్నాను. దీన్ని సరిచేసే సెట్టింగు నాకు తెలియదు, తెలిసినా నీకు పంపను.

పెదనాన్న ఆ సందేశం సంగతి క్యాంపులో అందరికీ చెప్పాడు. కోతలకు ముందు తన నంబరు అందులో ఉందో లేదో ఒకసారి చూడమన్నాడు. ఉంచు, తీయకు.

నాకు మాత్రం ఇక రాయకు.

దేవిక